మందును సాక్ష్యమును: భోపాల్ జన స్వాస్థ్య కేంద్ర చరిత్ర

వైద్యులమీదను, వైద్యసేవకులమీదను జనులు తిరుగబడిన ఘట్టములు చరిత్రలో పెక్కు కలవు. 1892లో రష్యాదేశమున వోల్గా నదీతీరమందలి ఆస్త్రఖాన్, సరాటోవ్ పట్టణములలో కలరా ప్రబలినప్పుడు ప్రజలు ఆసుపత్రులపై బడి వానిని ధ్వంసము చేసిరి. 1896 అక్టోబరులో బొంబాయి మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిని ముట్టడించిరి. 1897 జూన్ 22న పూనాలో ప్లేగు నివారణాధికారియగు వాల్టర్ రాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపిరి. ఆ గాయములతోనే అతడు మరణించెను. ఇట్టి ఘట్టములను గూర్చి తొలుత వ్రాసినవారు జనుల మౌఢ్యమును, వదంతులను కారణములుగా చూపిరి. తరువాతి చరిత్రకారులు ఇండ్ల సోదాలను, రోగులను బలవంతముగా తరలించుటను, ఆచారముల యెడ అధికారులు చూపిన అలక్ష్యమును ఎత్తిచూపి ఆ మౌఢ్యవాదమును సవరించిరి. ఐనను ఉభయులును ఒక విషయమున ఏకీభవించిరి. వైద్యము ప్రభుత్వపక్షమున నుండును. వైరము ప్రజలపక్షమున నుండును అనునదే ఆ విషయము.

ఈ భావన అన్ని సందర్భములకును చెల్లదని చూపు ఉదంతమొకటి మన దేశముననే జరిగినది. భోపాల్ విషవాయు ప్రమాదమునకు పిమ్మట బాధితుల వాడలలో నెలకొన్న జన స్వాస్థ్య కేంద్రముపై 1985 జూన్ నెలలో జరిగిన పోలీసు దాడియే ఆ యుదంతము. ఇచట వైద్యసేవకులకు అండగా నిలిచినవారు ప్రజలు. వారి యెడ వైరము వహించినది ప్రభుత్వము. ఇట్లేల జరిగెనో విచారించుటయే ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని. ఆ కేంద్రమువారు ఇచ్చిన సూదిమందు చికిత్స మాత్రమే గాక సాక్ష్యము కూడ అయ్యెననియు, వైరమునకు మూలము ఆ సాక్ష్యమేయనియు మా యభిప్రాయము.

తెలుగున 'మందు' అను మాటకు గల అర్థవిస్తృతిని ఇచట స్మరించుట అప్రస్తుతము కాదు. రోగమును మాన్పునది మందు. పైరునకు పట్టిన పురుగును చంపునదియు మందే. తుపాకిలో కూరునదియు మందే. ఒకరికి తెలియకుండ అన్నమున కలిపి పెట్టి వశము చేసికొందురని నమ్ముదానిని 'మందు పెట్టుట' యందురు. కలరా కాలమున రష్యాలోను, ప్లేగు కాలమున బొంబాయిలోను జనులను కలచివైచిన అనుమానము ఇంచుమించుగా ఇట్టిదే. భోపాల్ కర్మాగారమున తయారైనది పురుగుమందు. ఆ మందు చేసిన కీడునకు మందేది యను ప్రశ్నయే అచటి వివాదమునకు కేంద్రమైనది.

యూనియన్ కార్బైడ్ ఇండియా లిమిటెడ్ అను సంస్థ భోపాల్ నగరపు ఉత్తరభాగమున 1969లో కర్మాగారమును స్థాపించెను. ఆ సంస్థ వాటాలలో సగమునకు మించినవి అమెరికాలోని యూనియన్ కార్బైడ్ కార్పొరేషనువి. ఇచట తయారైన ప్రధాన వస్తువు సెవిన్ అను పురుగుమందు. దానికి కావలసిన మిథైల్ ఐసోసయనేటు అను ద్రవమును మొదట విదేశమునుండి తెప్పించి, 1980 ప్రాంతమునుండి అచటనే తయారు చేయసాగిరి. 1981 డిసెంబరులో ఫాస్జీన్ వాయువు సోకి ఒక కార్మికుడు మరణించెను. 1982 నుండి రాజ్‌కుమార్ కేశ్వానీ అను పత్రికారచయిత నగరమునకు ముప్పు వాటిల్లనున్నదని పలుమారులు హెచ్చరించుచు వ్రాసెను. కర్మాగారపు ప్రహరీకి ఎదుటనే జయప్రకాశ్ నగర్ అను పేదల వాడ కలదు. కాజీ క్యాంపు మొదలగు వాడలును సమీపముననే యున్నవి. ఇట్టి వాడలలోని గుడిసెవాసులకు 1984లో రాష్ట్రప్రభుత్వమే పట్టాలిచ్చెను. హెచ్చరికలు వినబడుచుండగనే ప్రమాదస్థలమునకు చేరువనున్న నివాసము చట్టబద్ధమైనదని దీనివలన తెలియుచున్నది.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి 610వ సంఖ్యగల ట్యాంకులోనికి నీరు చేరి, లోని ద్రవము కాగి, సుమారు 40 టన్నుల విషవాయువు నగరముపై వ్యాపించెను. తెల్లవారునప్పటికి హమీదియా ఆసుపత్రి ఆవరణ శవములతోను, చూపు కానరాక ఊపిరాడక వచ్చినవారితోను నిండిపోయెను. ప్రభుత్వము తొలుత ప్రకటించిన మృతుల సంఖ్య 2,259. తరువాత అది 3,787కు పెరిగెను. గాయపడినవారు 5,58,125 మంది యని 2006లో ప్రభుత్వమే ప్రమాణపత్రమున పేర్కొనెను. ఆ దినములలో హమీదియా వైద్యులును, గాంధీ వైద్యకళాశాల విద్యార్థులును రేయింబవళ్లు సేవ చేసిరి. మేము ఈ వ్యాసమున ప్రభుత్వ వైరమును గూర్చి చెప్పుమాటలు వారికి వర్తింపవు. వారి చేతికి ఏ విషమునకు చికిత్స చేయవలెనో తెలుపు సమాచారమే అందలేదు. ఆ వాయువు కన్నీటివాయువు వంటిది మాత్రమేయని కర్మాగారపు వైద్యవర్గము చెప్పినట్లు ప్రసిద్ధము.

అప్పుడే ప్రశ్న పుట్టెను. గాంధీ వైద్యకళాశాలలో న్యాయవైద్యశాఖాధ్యక్షులగు హీరేశ్ చంద్ర శవపరీక్షలు చేయుచు, మృతుల రక్తమును అవయవములును చెఱ్ఱీపండువలె ఎఱ్ఱబారి యుండుటను గమనించిరి. ఇది సయనైడు విషమునకు సూచకమని వారు అనుమానించిరి. సయనైడునకు విరుగుడు సోడియం థయోసల్ఫేటు అను సూదిమందు. అది శరీరమందలి సయనైడుతో కలసి దానిని థయోసయనేటుగా మార్చును. ఆ థయోసయనేటు మూత్రముతో వెడలిపోవును. మ్యూనిక్ నగరమునుండి వచ్చిన విషవైద్య నిపుణుడు మాక్స్ డౌండరర్ ఆ డిసెంబరులోనే ఈ మందును భోపాల్‌కు తెచ్చెను. అమెరికాలోని కంపెనీ వైద్యాధికారియు, సయనైడు అనుమానము కలిగినచో ఈ మందు నీయవచ్చునని మొదట టెలెక్సు పంపెను. కొలది దినములలోనే ఆ సలహాను కంపెనీ వెనుకకు తీసికొనెను. రాష్ట్ర ఆరోగ్యశాఖయు, సయనైడు విషమని నిశ్చయముగా ఋజువైననే తప్ప ఈ మందు వాడరాదని ఆ నెలలోనే ఉత్తరువు చేసెను. ఋజువు చేయుటకు సాధనము ఆ మందే యగుటచే, ఋజువైన పిమ్మటనే మందు నీయవలెనను నియమము మందును పూర్తిగా నిషేధించుటతో సమానమయ్యెను.

భారత వైద్య పరిశోధనా మండలి ఈ విషయమును పరీక్షకు పెట్టెను. రోగికిని, వైద్యునికిని ఎవరికి ఏ మందిచ్చిరో తెలియని పద్ధతిలో 1985 ఆరంభమున ప్రయోగము జరిగెను. థయోసల్ఫేటు పొందినవారి మూత్రమున థయోసయనేటు హెచ్చుగా వెలువడుట కానవచ్చెను. ఫిబ్రవరిలో మండలి ఆ మందు వాడకమును సమర్థించెను. ఐనను రాష్ట్రప్రభుత్వపు ఆసుపత్రులలో అది విరివిగా అందలేదు.

ఇచట ఒక విషయము నిష్పక్షపాతముగా చెప్పవలెను. విడుదలైన వాయువులలో సయనైడు పాలెంత, అది శరీరమున ఎట్లేర్పడెను అను విషయమున శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము కుదురలేదు. మిథైల్ ఐసోసయనేటు స్వతహాగా ఊపిరితిత్తులను దహించి చంపగలదు. సయనైడు లేకయే పెక్కు మరణములు సంభవించియుండవచ్చును. కావున థయోసల్ఫేటును సందేహించిన వైద్యులందఱును దురుద్దేశము గలవారని చెప్పరాదు. ఐనను సందేహించుట వేఱు. సందేహనివృత్తికై యత్నించువారిని నిర్బంధించుట వేఱు. చరిత్రకారుడు విచారింపవలసినది రెండవదానిని.

ఈ సందేహమున ఇమిడియున్న వ్యావహారిక ప్రయోజనమును గమనింపవలెను. విషము కన్నులకును, ఊపిరితిత్తులకును మాత్రమే తగిలినదన్నచో, ఆ రాత్రి బ్రదికినవాడు క్రమముగా కోలుకొనవలెను. అతనికి చెల్లవలసిన పరిహారము స్వల్పమగును. విషము రక్తమున కలసినదన్నచో, దాని ఫలితము సర్వావయవములకును, గర్భస్థశిశువునకును, రాబోవు సంవత్సరములకును వ్యాపించును. అట్లు వైద్యశాస్త్రమున ఒక చిన్న ప్రశ్న న్యాయశాస్త్రమున మిక్కిలి పెద్ద ప్రశ్న యయ్యెను.

1985 మార్చిలో రెండు పనులు జరిగెను. పార్లమెంటు భోపాల్ బాధితుల దావాల చట్టమును ఆమోదించి, బాధితులందఱి పక్షమున వ్యాజ్యము నడపు అధికారమును కేంద్రప్రభుత్వమునకే ఇచ్చెను. అనగా అసమర్థుడైన బిడ్డకు తండ్రివలె, బాధితునికి బదులు ప్రభుత్వమే మాటలాడును. అదే నెలలో మెడికో ఫ్రెండ్ సర్కిల్ అను వైద్యుల సంఘము వాడలలో ఇల్లిల్లు తిరిగి ఆరోగ్యపరిశీలనము జరిపెను. విషవాయువునకు మిక్కిలి గురియైన జయప్రకాశ్ నగర్ వాసులను, దూరముననున్న అన్నానగర్ వాసులతో పోల్చిచూచిరి. ఊపిరి యాడకుండుటయే గాక చూపు మందగించుట, కండరముల నిస్సత్తువ, ఆకలి లేమి, మతిమరుపు, స్త్రీలయందు ఋతుక్రమపు మార్పులు మొదలగునవి తొలి వాడయందు అధికముగా కానవచ్చెను. థయోసల్ఫేటును విరివిగా ఈయవలెనని ఆ సంఘము కోరెను. ఒకవంక బాధితుని నోరు ప్రభుత్వము వశమయ్యెను. వేఱొకవంక బాధితుని శరీరమును చదువువారు ప్రభుత్వమునకు వెలుపల ఏర్పడుచుండిరి. ఘర్షణకు బీజము ఇదియే.

ప్రమాదమునకు ఆరు నెలలు నిండిన తరుణమున, 1985 జూన్ మొదట, కర్మాగార సమీపమున జన స్వాస్థ్య కేంద్రము నెలకొనెను. జహరీలీ గ్యాస్ కాండ్ సంఘర్ష్ మోర్చా మొదలగు బాధితపక్ష సంస్థలు దానిని నడపెను. కలకత్తా, బొంబాయి మొదలగు చోట్లనుండి స్వచ్ఛందముగా వచ్చిన వైద్యులు అచట పనిచేసిరి. వాడలలోని యువకులును, స్త్రీలును వారికి సహాయకులైరి. ఆధునికముగా ప్రజారోగ్య కార్యకర్తలనబడువారు వీరే.

కేంద్రపు పని పైకి చూచుటకు సామాన్యము. రోగి పేరు వ్రాసికొందురు, బాధ యేమో అడిగి గుర్తింతురు, సూదిమందిత్తురు, మరల వచ్చినప్పుడు మార్పు గలదేమో వ్రాయుదురు. ఐనను ఈ వ్రాతకు అచట అపూర్వమైన విలువ యుండెను. ప్రభుత్వపు ఆసుపత్రిలో రోగి చేతికందినది తఱచుగా మాత్రల పేర్లు వ్రాసిన చీటి మాత్రమే. అతనికి ఏమి జరిగెనో, ఏ మందువలన ఎంత మేలయ్యెనో తెలుపు క్రమబద్ధమైన చరిత్ర ఆ చీటియందు లేదు. కేంద్రపు నమోదుపత్రములయందు అది యుండెను. సూదిమందు పొంది తేరుకొన్న ప్రతి రోగియు, తన శరీరమున విషము ఇంకను కలదని తెలుపు ఒక సాక్షి యగుచుండెను. పత్రములు పెరిగినకొలది సాక్షులు పెరిగిరి.

జూన్ 24వ తేదీ రాత్రి పోలీసులు ఈ కార్యకర్తలపై బడిరి. వైద్యులను, సహాయకులను నిర్బంధించిరి. రోగుల నమోదుపత్రములను తీసికొనిపోయిరి. కేంద్రము తెరచి మూడు వారములు మాత్రమే గడచినవి. మరునాడు బాధితులు తమ కోరికలను తెలుప సచివాలయమునకు ఊరేగింపుగా వెడలగా లాఠీ ప్రయోగము జరిగెను.

ఈ దాడికి చెప్పదగిన కారణములను వరుసగా పరిశీలింతము. శాంతిభద్రతల రక్షణము మొదటిది. మరునాటి ప్రదర్శనమును ఆపుటకై ముందురాత్రి నాయకులను పట్టుకొనుట మన దేశమున పోలీసులకు అలవాటే. కాని ప్రదర్శనమునకు జంకినవారు వైద్యుని సూదిని, రోగుల పత్రములను పట్టుకొనిపోవలసిన పని లేదు. రెండవది, మందు అపాయకరమగునను భయము. ఈ భయము నిజమైనదైనచో ప్రభుత్వము చేయదగినది నిపుణులచే పరీక్ష. ఆ పరీక్షను వైద్య పరిశోధనా మండలి అంతకుముందే జరిపి, మందునకు అనుకూలముగా పలికియుండెను. ఇక మిగిలినది మూడవ కారణము. బాధితుల పక్షమున మాటలాడు హక్కు ఒక్కరిదే యైనప్పుడు, ఆ మాట ఆధారపడవలసిన లెక్కలును ఒక్కరి చేతిలోనే యుండవలెను. ప్రభుత్వము వాదిస్థానమున నుండి కంపెనీపై వ్యాజ్యము నడపుచున్నను, లైసెన్సు లిచ్చినదియు, పట్టాలిచ్చినదియు, హెచ్చరికలను విననిదియు ప్రభుత్వమే. హాని యొక్క నిజమైన పరిమాణము బయటపడుట కంపెనీకే గాక ప్రభుత్వమునకును ఇబ్బందికరము. బాధితునికి తండ్రినని చెప్పుకొన్నవాడు, బిడ్డ గాయములను ఇరుగుపొరుగువారు లెక్కించుట సహింపలేకపోయెనని మేము తలంచుచున్నాము.

దాడికి పిమ్మట వివాదము న్యాయస్థానమునకు చేరెను. ఒక వైద్యుడు సుప్రీం కోర్టు నాశ్రయించెను. 1985లోనే న్యాయస్థానము కేంద్రమునకు థయోసల్ఫేటు సరఫరా చేయవలసినదిగా రాష్ట్రప్రభుత్వమును ఆదేశించి, బాధితుల వైద్యమును పరిశీలించుటకు ఒక నిపుణసంఘమును నియమించెను. ఒక నెలలో నేరస్థులుగా నిలిచినవారి పని, ఆ సంవత్సరము ముగియకమునుపే అత్యున్నత న్యాయస్థానముచే రక్షింపదగినదిగా గుర్తింపబడెను. ఐనను నిపుణసంఘమున ఏకాభిప్రాయము కుదురలేదు. సంఘసభ్యులగు అనిల్ సద్గోపాల్, సుజిత్ దాస్‌లు 1988లో విడిగా నివేదిక సమర్పించిరి. ఇంతలో కాలము గడచెను. రక్తమున విషమున్నప్పుడే పని చేయు మందునకు కాలయాపనమే గొప్ప శత్రువు.

సాక్ష్యము నశించిన ఫలితము పరిహారమున కానవచ్చెను. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరెను. న్యాయస్థానము ముందుకు వచ్చిన లెక్కల ప్రకారము, సిద్ధపరచిన 3,61,966 వైద్యపత్రములలో 1,55,203 మందికి ఏ హానియు లేదనియు, 1,73,382 మందికి కలిగినది తాత్కాలికమైన హాని మాత్రమేననియు నిర్ణయింపబడెను. శాశ్వతముగా, సంపూర్ణముగా వికలాంగులైనవారు నగరమంతటను 40 మంది మాత్రమేనట. జయప్రకాశ్ నగర్ వీధిలో ఒకదినము నడచినవాడు ఈ సంఖ్యను నమ్మజాలడు. కాని నమ్మకపోవుట సాక్ష్యము కాదు. రోగి చేత పత్రము లేనప్పుడు అతని దగ్గును, అతని తలతిరుగుడును లెక్కించు అధికారి లేడు. 1985 జూన్‌లో పోలీసుల వెంట వెడలిపోయిన పత్రములు అన్నియు నిలిచియుండినను ఫలితము పూర్తిగా మారియుండునని మేము చెప్పజాలము. అవి ఒక చిన్న కేంద్రపు మూడు వారముల పత్రములు. కాని ఆ రాత్రి ధ్వంసమైనది పత్రములు మాత్రమే కాదు. బాధితుడే తన హానిని వ్రాయించుకొనవచ్చునను పద్ధతి ధ్వంసమయ్యెను.

ఆ పద్ధతి మరల తలయెత్తుటకు దశాబ్దము పైగా పట్టెను. 1996లో భోపాల్‌లో సంభావనా అను వైద్యశాల తెరవబడెను. అచటి కార్యకర్తలు వాడలలో తిరిగి రోగములను నమోదు చేయుట తమ పనిలో ప్రధానభాగముగా చేసికొనిరి. వాయువునకు తోడు కర్మాగార పరిసరములలోని భూగర్భజలమును విషపూరితమైనదని ఈ దశలో బయటపడెను. ఆ వాడలకు మంచినీరు సరఫరా చేయవలసినదిగా 2004లో సుప్రీం కోర్టు ఆదేశించెను. వైద్య పరిశోధనా మండలి తాను 1984 నుండి 1992 వరకు శవపరీక్షలలోను, విషపరీక్షలలోను కనుగొన్న విషయములను 2010లో నివేదికగా ప్రకటించెను. హీరేశ్ చంద్రతో కలసి పనిచేసిన రోగనిదాన శాస్త్రజ్ఞుడు శ్రీరామాచారి ఆ కృషికి ముఖ్యులు. కాని బాధితునికి అవసరమైన దినమున దాచి, పాతికయేండ్లకు ప్రకటించిన సత్యము చరిత్రకారునకు ఉపకరించునేగాని రోగికి ఉపకరింపదు. కర్మాగారమున మిగిలిన విషవ్యర్థములలో 337 టన్నులు 2025 జనవరిలో పీథంపూర్‌కు తరలింపబడినప్పుడు అచటి జనులు ఎదిరించిరి. అధికారులు అపాయము లేదనిరి, జనులు విశ్వసింపలేదు. నలువది సంవత్సరములు లెక్కలు దాచినవారి మాటను నమ్మకపోవుటను మౌఢ్యమని కొట్టివేయుట తగదు.

కావున మేము తొలుత పేర్కొన్న రష్యా, బొంబాయి, పూనా ఘట్టములను ఈ వెలుగున మరల చదువవలసియున్నది. అచట ప్రజలు వైద్యసేవకులను శత్రువులుగా చూచుటకు కారణము, ఆ వైద్యము తమను గూర్చి తెలిసికొని తమకు చెప్పకుండ అధికారులకు చెప్పుటయే. భోపాల్‌లో ప్రభుత్వము వైద్యసేవకులను శత్రువులుగా చూచుటకు కారణము, ఆ వైద్యము తెలిసికొన్నదానిని ప్రజలకే చెప్పుట. రెండింటను వివాదము మందును గూర్చి కాదు. మందు తెలిపిన సత్యము ఎవరి సొత్తు అనుదానిని గూర్చియే. ఆసుపత్రులపై దాడులను వర్ణించు చరిత్రగ్రంథములలో 1985 జూన్ 24 రాత్రికిని ఒక పుట కేటాయింపవలెను. ఆ పుటలో రాళ్లు విసరిన జనసమూహము కానరాదు. సూదిమందు పెట్టెయు, నమోదుపత్రముల కట్టయు, వానిని పట్టుకొనిపోవు పోలీసులును మాత్రమే కానవత్తురు.